పచ్చ వరస కాపలా

రోజు 61

ఈ రోజు గీత దాటి పచ్చ వరసలోకి వచ్చినవాళ్ళు ఇద్దరు. ఒకడి మణికట్టు విరిగింది. విరగ్గొట్టింది నాతో కాపలా ఉండే బొజ్జన్న. చూపించింది నేను.

డ్యూటీ పుస్తకంలో దీనికో చిన్న గడి ఉంటుంది. అందులో 2 అని వేసి, పక్కన నూకరత్నం అని సంతకం పెట్టాను. మిగతాది ఇక్కడ వెనక పేజీల్లో రాసుకుంటున్నాను. వెనక పేజీలు ఎవరూ తిప్పరు.

మణికట్టు విరిగినవాడికి యాభై ఏళ్ళుంటాయి. తల నున్నగా దువ్వుకున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. లోపలున్నది దారినపోయేవాళ్ళకి కనపడేలా ఉండే అద్దం సంచి కూడా ఎక్కణ్ణుంచో సంపాదించాడు. గేటు దగ్గర మిషను అతని మొహం చూసి లోపలికి పొమ్మంది. మిషను మొహాలు చూస్తుంది, నేను చేతులు చూస్తాను. అందుకే ఆరేళ్ళ కిందట నన్నీ పనిలో పెట్టారు. ఆ మనిషి బెండకాయల బుట్టలో చెయ్యి పెట్టి అందినన్ని తీసి సంచిలో వేసుకున్నాడు. ఒక్క కాయ కొస కూడా విరిచి చూడలేదు. పచ్చ వరసలో పెరిగినవాళ్ళు, చంటిపిల్లలైనా సరే, కొస విరవకుండా బెండకాయ తీసుకోరు.

నేను ఎడమ చెయ్యి పైకెత్తాను.

బొజ్జన్న వచ్చేలోపే చుట్టూ ఉన్నవాళ్ళు మొదలుపెట్టారు. ఒకావిడ సొరకాయతో అతని మొహం మీద కొట్టింది. "ముట్టుకున్నాడు, అన్నీ ముట్టుకున్నాడు" అని అరుస్తూ ఇంకొకాయన కడుపులో తన్నాడు. కిందపడ్డాక బొజ్జన్న వచ్చి, సంచి పట్టుకున్న చేతి మీద బూటు పెట్టి, కరెంటు కర్రతో రెండు దెబ్బలు వేశాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినపడింది. ఎండుపుల్ల విరిగినట్టుంది, అంతే.

బయటికి ఈడ్చుకెళ్తుంటే ఆ మనిషి నా వైపు చూసి, "చీటీ ఉందమ్మా, నా దగ్గర చీటీ ఉంది" అన్నాడు.

నిజమే, ఉంది. ఎత్తూరులో అందరికీ నెలకి ఒకే లెక్కన చీట్లిస్తారు. చీటీ మీద సొంతదారు వేలిముద్ర వేసి ఏ వరసలోనైనా కొనుక్కోవచ్చని సంత గోడ మీద మనిషెత్తు అక్షరాలతో రాసి ఉంది. కూరగాయల పచ్చ వరస, డబ్బాల వరస, పిండి వరస, దేనికీ ఎవరికీ అడ్డు లేదు. కానీ దాని కిందే చిన్న అక్షరాలతో, సాటి కొనుగోలుదార్లకి ఇబ్బంది కలిగించరాదు అని ఇంకో మాట ఉంది. నాకూ బొజ్జన్నకీ జీతం ఇప్పించేది ఆ చిన్న అక్షరాలే.

రోజు 63

సెలవు. పొద్దున్నే చిక్కుడుగింజల డబ్బా ఒకటి తీసుకుని మెట్లు దిగి తమ్ముడింటికి వెళ్ళాను.

నేను పుట్టింది పిండి వరసలోనే. కాపలా ఉద్యోగం వచ్చాక డబ్బాల వరసకి ఎక్కాను. తమ్ముడు అప్పలకొండ సముద్రం ఒడ్డున నాచు తొట్టెల్లో పని చేస్తాడు. ఆ నాచు ఎండబెట్టి ఆడితే వచ్చేదే పిండి. తొట్టెల్లో పనిచేసేవాళ్ళ చేతులకి మోచేతుల దాకా ఆకుపచ్చ రంగు పడుతుంది. ఎంత తోమినా పోదు. పని మానేసిన మూడు నెలలకి మెల్లగా వదులుతుంది.

మరదలు తవిటమ్మ గుమ్మంలో కూర్చుని పళ్ళు తోముకుంటోంది. ఉమ్మితే ఎర్రగా పడింది.

"ఎన్నాళ్ళ నుంచే ఇది?" అన్నాను.

"నెల దాటింది వదినా. చిగుళ్ళు ముట్టుకుంటే చాలు, కారిపోతన్నాది." నవ్వబోయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కింద పన్ను ఒకటి ఊగుతోంది. చీర కుచ్చెళ్ళ పైన పొట్ట కాస్త ఎత్తుగా కనపడుతోంది. ఐదో నెల. కాళ్ళ మీద ఎవరో కొట్టినట్టు నల్లటి మచ్చలు.

ఆసుపత్రిలో నర్సు చూసి చెప్పిందట. ఒట్టి పిండి తింటే ఇంతే, నిమ్మకాయలు, మునగాకు, టమాటా, ఏదో ఒకటి పచ్చిది లోపలికి పోవాలి, లేకపోతే కాన్పులో రక్తం ఆగదు, అని.

"చీట్లున్నాయి కదప్పా" అన్నాడు తమ్ముడు. "ఆళ్ళకిచ్చినన్నే మాకూ ఇచ్చారు. నిమ్మకాయలు కొనుక్కోడానికి ఎవడి కాళ్ళు పట్టుకోవాలి?"

"నేను కొని తేలేనురా. కాపలావాళ్ళం లోపల ఏదీ కొనకూడదు. పోయేటప్పుడు ఒళ్ళంతా తడిమి చూస్తారు."

"నేనెళ్తాను."

అతని చేతుల వైపు చూశాను. అతనూ చూసుకున్నాడు.

తవిటమ్మ తన చేతులు ముందుకు చాపింది. కడుపు నిలిచిందని తెలిసిన నాటి నుంచి తొట్టెల్లోకి వెళ్ళలేదు. రంగు పూర్తిగా పోయింది.

"నానెళ్తాను" అంది. "నువ్వు నేర్పు వదినా."

రోజు 66

సాయంత్రం డ్యూటీ దిగి నేరుగా వాళ్ళింటికి వెళ్ళి పాఠం మొదలుపెట్టాను. గులకరాళ్ళు టమాటాలు. కొవ్వొత్తి ముక్కలు బెండకాయలు. సొరకాయకి తమ్ముడి నీళ్ళ సీసా.

"మొదట చేతికొచ్చినది ఎప్పుడూ తీసుకోకు. పట్టుకో, తిప్పు, పెట్టెయ్. రెండోదో మూడోదో తీసుకో."

"బాగున్నా పెట్టేయాలా?"

"బాగున్నా పెట్టేయాలి. సొరకాయకి గోరు గుచ్చి చూడు. వంకాయకి తొడిమ చూడు. బల్ల దగ్గరవాడి మొహంలోకి చూడకు. వాడు లేనట్టే మాట్లాడు. కొసరు అడక్కు. ఇవి నిన్నటివి కదా అను, అడిగినట్టు కాదు, నీకు తెలిసినట్టు."

"ఇయి నిన్నటియి గదా."

"ఇవి. నిన్నటివి. కదా."

"ఇవి నిన్నటివి కదా" అంది ముక్కు ఎగబీల్చి. తమ్ముడు నవ్వాడు. ఆ ఇంట్లో నవ్వు విని చాలా రోజులైంది. తవిటమ్మ రాళ్ళన్నీ ఒకటొకటిగా తీసి, తిప్పి, పెదవి విరిచి, పక్కన పెట్టేసింది. అచ్చం పచ్చ వరస ఆడవాళ్ళలాగే. నాకు లోపల కాస్త భయం వేసింది. ఆరేళ్ళుగా నేను ఎవర్నైతే చూపిస్తున్నానో వాళ్ళని ఎవరో ఒకరు ఇలాగే కూర్చోబెట్టి, ఇలాగే నేర్పి పంపి ఉంటారు.

రోజు 69

అంకె 1.

ముసలావిడ. కరివేపాకు రెబ్బ ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుంది. మరీ ఎక్కువసేపు. అక్కడివాళ్ళు కరివేపాకుని అలా వాసన చూడరు, రోజూ చూసేదే కాబట్టి. నేను చెయ్యి ఎత్తకూడదనుకున్నాను. కానీ బొజ్జన్న నన్నే చూస్తున్నాడు. నాలుగు రోజులుగా నా గడిలో సున్నా పడుతోందని పొద్దునే సూపర్వైజరు అడిగాడు.

ఎత్తాను.

జనం ఆవిడ మీదికి రాలేదు, ముసలిది కదా అని కాబోలు. బొజ్జన్న ఒక్కడే వచ్చాడు. మెడ వెనక ఒక్క దెబ్బ. కర్రలో కరెంటు ఎంత పెట్టాడో తెలీదు. ఆవిడ మెట్ల మీద పడి, కాళ్ళు రెండుసార్లు కొట్టుకుని ఆగిపోయింది. బొజ్జన్న వంగి ఆవిడ కొంగుతోనే కర్ర తుడుచుకున్నాడు.

"గుండె జబ్బు ఉన్నట్టుంది నూకరత్నం గారూ" అన్నాడు. "మనకేం తెలుసు."

బల్లల దగ్గర బేరం ఒక్క క్షణం కూడా ఆగలేదు.

రోజు 74

అన్నీ వరసగా రాయాలి. 

పదిగంటలకి తవిటమ్మ గేటు దాటింది. నా లేత నీలం చీర కట్టుకుంది. పొట్ట మీదుగా కొంగు కప్పుకుంది. మిషను పొమ్మంది. నేను స్తంభం పక్కన నా చోట్లోనే నిలబడ్డాను. ఆమె నా వైపు చూడలేదు. చూడొద్దని చెప్పాను.

బెండకాయల దగ్గర నాలుగు కొసలు విరిచి, రెండు బుట్టలోకి విసిరేసింది. మునగాకు కట్ట విదిలించి చూసి, "నిన్నటిది కదా ఇది" అంది. బల్ల మనిషి నొచ్చుకుని లోపల్నుంచి వేరే కట్ట తీసిచ్చాడు.

నిమ్మకాయల బల్ల దగ్గర హైమావతి గారు ఉన్నారు. అద్దాల తోటల అధికారి భార్య. ఊళ్ళో కూరగాయలన్నీ ఆ అద్దాల కింద పెరిగేవే కాబట్టి, ఆవిడ వరసలోకి వస్తే అందరూ కాస్త పక్కకి జరుగుతారు. తవిటమ్మ జరగలేదు. అదీ నేను నేర్పిందే. హైమావతి గారు ఆమెని పైనుంచి కిందికి చూసి, తన సంచిలో బీరకాయ తీసి, "ఇది చేదొస్తుందంటారా?" అని అడిగారు. స్నేహంగానే.

"కొస కోసి నాలిక మీద పెట్టుకుని చూడండి" అంది తవిటమ్మ. "కాయని చూసి చెప్పలేం."

"అవునవును, మా అత్తగారూ అదే అనేవారు" అన్నారావిడ. నవ్వారు కూడా.

బల్ల మనిషి ఆరు నిమ్మకాయలు తూచి సంచిలో వేస్తుంటే ఒకటి జారి కింద పడింది. దొర్లుకుంటూ వెళ్ళి తవిటమ్మ కాలి దగ్గర ఆగింది.

తవిటమ్మ వంగింది. తీసింది. కొంగుతో తుడిచి సంచిలో వేసుకుంది.

అన్నీ నేర్పాను నేను. ఇదొక్కటీ నాకు తట్టలేదు. పచ్చ వరసలో కింద పడ్డదాన్ని ఎవరూ తీసుకోరు. అసలు కింద పడిందని కూడా చూడరు.

హైమావతి గారి మొహం మారిపోయింది. తన పక్కన నిలబడి, తనతో మాట్లాడి, తన బీరకాయకి సలహా చెప్పింది ఎవరో ఆవిడకి అప్పుడు అర్థమైంది. "నేల మీదది తీసింది!" అని కేకేశారు. "నాతో మాట్లాడింది ఇది! నాతో!"

నేను చెయ్యి ఎత్తలేదు. బొజ్జన్న నా వైపు చూస్తే కాదన్నట్టు తల ఊపాను. కానీ అప్పటికే ఎవరో తవిటమ్మ జుట్టు పట్టుకుని వెనక్కి లాగారు. ఎవరో చీర లాగారు. పొట్ట బయటపడింది. కడుపుతో ఉందని చూసి కూడా ఆగలేదు. ఆమె రెండు చేతులతో పొట్ట పట్టుకుని మోకాళ్ళ మీద కూలబడింది. బొజ్జన్న కర్ర ఎత్తాడు, పొట్టకి గురిపెట్టి.

నేను పరిగెత్తాను. నడుముకున్న నా కర్ర తీసి మొదటి దెబ్బ అతని మోకాలి మీద వేశాను. కూలాడు. రెండోది దవడ మీద. దవడ పక్కకి తిరిగిపోయి అతని నోరు మూతపడలేదు. మూడోది గొంతు మీద వేయబోతుంటే వెనక నుంచి మెత్తటి చప్పుడొకటి వినపడింది.

హైమావతి గారి చేతిలో తూకం రాయి ఉంది. రెండు కిలోలది. తవిటమ్మ పక్కకి ఒరిగిపోయింది. కణత దగ్గర లోపలికి దిగిపోయి ఉంది.

జనం అప్పుడు ఆగారు. ఎవరి సంచి వాళ్ళు వెతుక్కున్నారు.

తవిటమ్మని భుజం మీద వేసుకుని మెట్లు దిగాను. నన్నెవరూ ఆపలేదు. నూట ఎనభై మెట్లు. సగం దారిలో ఆమెకి తెలివొచ్చింది.

"వదినా" అంది. "వంగిపోనాను."

"మాట్లాడకు."

"అలవాటుగా వంగిపోనాను, వదినా."

ఇంటి గుమ్మం దాకా ఊపిరి ఉంది. తర్వాత లేదు. లోపలి ప్రాణం ఇంకాసేపు కదిలింది. దాని మీద చెయ్యి వేసుకుని తమ్ముడు కూర్చున్నాడు, అది కూడా ఆగేదాకా.

రోజు 76

ఈ ఉదయం తవిటమ్మని సముద్రానికి ఇచ్చి వచ్చాక, తమ్ముడు తొట్టె కలిపే ఇనప గడ తీసుకుని మెట్ల వైపు నడిచాడు. తొట్టెల్లోంచి జనం ఒక్కొక్కరుగా బయటికొచ్చి వెనక నడిచారు. ఆ ముసలావిడ కొడుకులున్నారు. మణికట్టు విరిగిన మనిషి ఉన్నాడు, కట్టు కట్టుకుని. నన్ను చూసి గుర్తుపట్టాడు. నా మొహం మీద ఉమ్మాడు. తుడుచుకుని నేనూ వాళ్ళతోనే నడిచాను.

సంతకి పోలేదు. నేరుగా అద్దాల తోటలకి వెళ్ళాం.

పై నుంచి తోట కాపలావాళ్ళ కాల్పులు మొదలయ్యాయి. నా ముందున్న అమ్మాయికి మెడలో తగిలింది. నా చేతుల మీద పడిన ఆమె రక్తం వేడిగా ఉంది. ఎవరూ వెనక్కి తగ్గలేదు, వెనక నుంచి ఎక్కేవాళ్ళు ఆగడం లేదు కాబట్టి తగ్గే చోటే లేదు. మొదటి అద్దం పగిలాక కాల్చేవాళ్ళలో సగంమంది తుపాకులు పారేశారు. వాళ్ళ అమ్మా నాన్నలు పిండి వరసలోవాళ్ళే. మిగతా సగాన్ని జనం గడలతో కొట్టారు. ఒకణ్ణి పగిలిన అద్దం మీదికి నెట్టి ముందుకీ వెనక్కీ లాగారు. వాడి అరుపు చాలాసేపు వినపడింది.

అద్దాలు వానలా పడ్డాయి. కింద టమాటా మొక్కలు, పొట్లపాదులు, వరసలు వరసలుగా ఉన్నాయి. మాలో చాలామంది అవి చెట్టున ఉండగా ఎప్పుడూ చూడలేదు. ఒకామె టమాటాలు కోసి నోట్లో కుక్కుకుంటూ ఏడ్చింది. అధికారిని తమ్ముడి వెంట ఉన్నవాళ్ళు నీళ్ళ తొట్టిలో ముంచి చంపారు. భార్య దొరకలేదు.

నేనూ పగలగొట్టాను. ఎన్నో లెక్కపెట్టలేదు. ఆ చప్పుడు నాకు బాగుంది. అది రాయకపోతే ఈ పుస్తకం ఎందుకు?

రోజు 87

అద్దాలు పోయాక ఎండకీ సముద్రపు ఉప్పుగాలికీ మొక్కలన్నీ రెండు రోజుల్లో మాడిపోయాయి. డబ్బాలు వారంలో అయిపోయాయి. ఇప్పుడు ఊరంతటికీ ఒకటే వరస, పిండి వరస. తొట్టెలవాళ్ళు కమిటీ పెట్టుకుని పంచుతున్నారు. తమ్ముడు పెద్ద.

మొదట్లో పైవాళ్ళు, అంటే పచ్చ వరసవాళ్ళు, అద్దం సంచులతోనే వచ్చారు. పిండి పోస్తే సంచిలోంచి దుమ్ము లేచి వాళ్ళ కళ్ళల్లో, ముక్కుల్లో పడేది. ముందు గుడ్డ తడిపి మూతికి కట్టుకోవాలని తెలీదు. ఖాళీ డబ్బా తెచ్చుకుని, దాన్ని నేలకి మూడుసార్లు కొట్టి పిండి దించుకోవాలని తెలీదు. దగ్గి దగ్గి వంగిపోతుంటే వరసలోవాళ్ళు నవ్వారు. మూడో రోజు ఒకడు నెట్టాడు. నాలుగో రోజు ఇద్దరిని కొట్టారు. ఐదో రోజు ఒకాయన్ని చంపేశారు, పిండి నోట్లో నొక్కి, ఊపిరాడకుండా.

అప్పట్నుంచి పైవాళ్ళు వేషం వేసుకుని వస్తున్నారు. చినిగిన బట్టలు, చేతులకి నాచు రసం.

ఈ రోజు తమ్ముడు నా దగ్గరికి వచ్చాడు.

"అప్పా, నీ కన్ను మాకు కావాలి. గేటు దగ్గర నిలబడు."

"ఎందుకురా? పిండి చాలినంత ఉంది కదా?"

"ఉన్నాది. అయినా ఆళ్ళు మా వరసలో నిలబడకూడదు."

"ఆకలేసి వస్తున్నారు."

"తవిటి దేనికెళ్ళింది?" అన్నాడు.

వెళ్ళి నిలబడ్డాను.

గంట గడవకుండానే ఒకాయన్ని చూశాను. చేతులకి రంగు ఉంది, డబ్బా ఉంది, మూతికి గుడ్డ ఉంది. కానీ పిండి ఒలికితే కాలితో పక్కకి తోశాడు. పిండి వరసలో ఎవరూ పిండిని కాలితో తాకరు. నా ఎడమ చెయ్యి దానంతటదే లేచింది. ఆలోచించానని చెప్పలేను.

ఆ మనిషి పళ్ళు నేల మీద పడ్డాయి. ఎవరో వాటిని ఏరి, "పైవాడి పళ్ళు, చూడండి ఎంత గట్టివో" అని అందరికీ చూపించారు.

రోజు 89

హైమావతి గారు వచ్చారు.

గుర్తుపట్టడం ఎవరికైనా కష్టమే. జుట్టు కత్తిరించుకున్నారు. గోనెలాంటి చీర. కానీ నాచు రంగు మణికట్టు దగ్గరే ఆగిపోయింది. తొట్టెలవాళ్ళకి మోచేతుల దాకా ఉంటుందని ఆవిడకి తెలీదు, ఎప్పుడూ మా చేతుల వైపు చూసి ఉండరు.

ఆవిడని చూడగానే ఒళ్ళంతా మండింది. తూకం రాయి పట్టుకున్న చెయ్యి అదే. నా చెయ్యి లేస్తే చాలు. రెండో చేత్తో ఎడమ చేతిని గట్టిగా పట్టుకుని నిలబడ్డాను. నాకు జాలి కలగలేదు. ఆవిడ చావాలనే ఉంది. కానీ మొన్న ఆ పళ్ళు చూసినప్పట్నుంచి తిండి సయించడం లేదు. నేను చూపిస్తే ఈవిడ చస్తుంది, రేపు మళ్ళీ నన్నే అక్కడ నిలబెడతారు, మళ్ళీ నా చెయ్యి లేస్తుంది. నేను పోయాక ఇంకొకరి చెయ్యి.

నేను ఊరుకున్నా వెనకనున్న అమ్మాయి ఊరుకోలేదు. "ఈవిడ చేతులు చూడండి!" అంది. అంతే. ఒకడు ఆవిడ తల గోడకేసి కొట్టాడు. చెంగు లాగితే మొహం పూర్తిగా కనపడింది. ఎవరో గుర్తుపట్టి, "అధికారి పెళ్ళాం! అద్దాల తోటల అధికారి పెళ్ళాం!" అని అరిచారు.

తమ్ముడు ఇనప గడతో వచ్చాడు. జనం దారిచ్చారు. అతనెప్పుడూ ఆవిడని చూడలేదు. నా వైపు తిరిగి అడిగాడు.

"అప్పా, ఈవిడేనా?"

కాదని చెప్పొచ్చు. నేను చెబితే అందరూ నమ్మేవాళ్ళు కూడా. కానీ తవిటమ్మ విషయంలో తమ్ముడితో అబద్ధమాడలేకపోయాను.

"ఈవిడే" అన్నాను. వెళ్ళి ఆవిడకి అడ్డంగా నిలబడ్డాను. బొజ్జన్నని కొట్టిన కర్ర ఇంకా నా దగ్గరే ఉంది.

"జరుగు."

"జరగను."

"నా పెళ్ళాన్ని చంపింది. నా బిడ్డని చంపింది."

"అవును. నా భుజం మీదే కదరా మోసుకొచ్చింది."

"మరి జరుగు!"

గడ ఎత్తాడు. నన్ను కొట్టడనుకున్నాను. కొట్టాడు. పక్కటెముకల మీద. నేను పడలేదు. రెండోసారి నా మీదుగా ఆవిడ తల కోసం ఎత్తినప్పుడు, ఎక్కడ కొడితే మనిషి చెయ్యి పనికిరాకుండా పోతుందో ఆరేళ్ళుగా తెలిసిన నేను, అతని మోచేతి మీద కొట్టాను. చిన్నప్పుడు పట్టుకుని నడక నేర్పిన చెయ్యి. అది వెనక్కి మడుచుకుపోయింది. తమ్ముడు అరవలేదు. వేలాడుతున్న చేతిని చూసుకుని, నన్ను చూశాడు. నేనెవరో తెలియనట్టు.

తర్వాత జనం నా మీద పడ్డారు. ఒకరి బూటు నా ఎడమ కంటికి తగిలింది. హైమావతి గారి మీద బోర్లా పడుకున్నాను. దెబ్బల లెక్క తెలీలేదు. ఆపమని అరిచింది మణికట్టు విరిగిన మనిషి. ఆయన ఎందుకు అరిచాడో నాకు తెలీదు. ఆయన మళ్ళీ నా దగ్గరికి రాలేదు, నేను అడగనూ లేదు.

రోజు 92

ఎడమ కన్ను ఇక రాదని నర్సు చెప్పింది. ఒక కంటితో గీతల మీద రాయడం కుదరడం లేదు, అక్షరాలు కిందికి జారుతున్నాయి.

గేటు దగ్గర నిలబడటానికి మూడు రోజులుగా ఎవరూ ఒప్పుకోలేదట. పిండి పంపకం జరుగుతోంది. పైవాళ్ళు చివర్లో, కొంచెం దూరంగా నిలబడుతున్నారట. తిట్టడం ఉంది. ఉమ్మడం ఉంది. చావులు లేవు, ఈ మూడు రోజులూ.

హైమావతి గారు నా ఇంట్లోనే ఉన్నారు. వేరే చోటు లేదు. తలకి కుట్లు పడ్డాయి. మూడు రోజులూ మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టుకోలేదు. నేనూ తినమనలేదు. గోడ వైపు తిరిగి పడుకుంటే నాకూ అదే నయం.

మధ్యాహ్నం తమ్ముడు వచ్చాడు. చెయ్యి మెడకి కట్టుకుని ఉన్నాడు. గుమ్మం దాటలేదు.

"ఇది బతుకుద్దా?" అన్నాడు.

"బతుకుతుంది."

"నాకు ఎదురుగా రానీకు."

"సరే."

"నీ కన్ను?"

"పోయింది."

"నా చెయ్యి ఇక వంగదంట" అన్నాడు. వెళ్ళిపోయాడు. పిలిస్తే ఆగేవాడేమో. పిలవలేదు.

పొయ్యి మీద పిండి జావ కాచాను. గిన్నెలో పోసి ఆవిడ పక్కన పెట్టాను. ఈసారి లేచి కూర్చున్నారు. గిన్నెలోకి చాలాసేపు చూశారు. ముక్కు మూసుకుని ఒక గుక్క తాగారు. ఆగి, మళ్ళీ తాగారు. తర్వాత ముక్కు వదిలేసి, రెండు చేతులతో గిన్నె పట్టుకుని, అడుగు కనపడేదాకా తాగేశారు. వేలితో అంచులు కూడా తుడిచి నాక్కున్నారు. నేను చూస్తున్నానని గమనించి గిన్నె దించారు.

క్షమించమంటారేమో అనుకున్నాను. అంటే ఏం చెయ్యాలో కూడా నాకు తెలీదు. కర్ర చేతికందే దూరంలోనే ఉంది.

"ఇది నేను తిన్నానని..." అన్నారు. "మావాళ్ళెవరికీ చెప్పకు."

భర్త లేడు. ఇల్లు కాలిపోయింది. చుట్టుపక్కలవాళ్ళు ఇదే పిండి కోసం వరస చివర నిలబడుతున్నారు. ఆవిడకి ఆ సంగతి తెలుసు.

"చెప్పను" అన్నాను.

గిన్నె నా వైపు చాపారు. ఇంకొంచెం పోశాను.